పిలవని పూర్ణాంకం

ఆమెకు నత్త అని పేరు పెట్టినవాడెవడో గానీ, వాడు నత్తల పరువు తీశాడని ఆఫీసులో అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకుంటారు. ఆమె టీ కప్పు నోటి దగ్గర పెట్టుకుందంటే, అడుగు కనిపించేలోగా ఎదుటి భవనానికి ఇంకో అంతస్తు లేస్తుంది. ఒకసారి ఎవడో రాసిన ప్రోగ్రాం చదవడం మొదలుపెట్టిందట. ఆమె చదువుతూ ఉండగానే వాడికి పెళ్ళయింది, కొడుకు పుట్టాడు, ఆ కొడుకు బడికి వెళ్ళిన మొదటిరోజున, "మీ నాన్న ఒక వరుస రెండుసార్లు రాశాడు, చెప్పు బాబూ" అని కబురు పంపిందట. ఇందులో అబద్ధం పాలు ఎంతో తేల్చడం కష్టం. వాడు ఆ వరుస రెండుసార్లు రాసిన మాట మాత్రం పచ్చి నిజం.

నత్త పుట్టుకతో ప్రోగ్రామరు కాదు. అంతకుముందు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేది. కింది వరుసతో మొదలుపెట్టి పైకి చదివేది. ఎందుకలాగ అంటే, "పైనుంచి చదివితే కథలో పడిపోతాం, కథలో పడ్డామా తప్పు కనపడదు" అనేది. అచ్చాఫీసు మూతపడ్డాక సాయంత్రం క్లాసుల్లో జావా నేర్చుకుని, టైర్ల దుకాణం మేడమీద మూడు గదులున్న ఈ ఆఫీసులో చేరింది. కింది నుంచి పైకి చదివే అలవాటు ఇక్కడ పనికొచ్చింది. జావా ప్రోగ్రాం కూలినప్పుడు తెరనిండా ఎర్రటి వరుసలు కక్కుతుంది. అసలు కారణం చాలాసార్లు అట్టడుగున, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంటుంది.

ఆ ఆఫీసువాళ్ళు నీళ్ళ పంపుహౌసులకు సాఫ్ట్‌వేరు చేసిస్తారు. వాటిలో ఒక పంపుహౌసు నడిపేది నత్తకు స్వయానా మేనమామ. ఆ రోజు ఆమె కుర్చీ సర్దుకుంటుండగానే ఫోను మోగింది.

"ఏమే కోడలు పిల్లా, లేచావా? ఆవలింత ఇంకా సగంలోనే ఉందా?"

"ఆఫీసులోనే ఉన్నా మామయ్యా. చెప్పు."

"మోటారు అలిగింది. స్విచ్చి నొక్కితే కుయ్యనదు, కయ్యనదు. తెరమీద ఎర్రక్షరాలు కుప్పలు తెప్పలు. మీవాళ్ళెవరో నిన్న సాయంత్రం కొత్తదేదో ఎక్కించారటగా?"

"మావాళ్ళు కాదు, నీవాడే. నీ సుపుత్రుడే ఎక్కించాడు."

"అదీ సంగతి! పొయ్యిలో ఉప్పు పోసి చిటపటలెందుకంటే ఎలా!" అని మామయ్య నవ్వాడు.

మామయ్య కొడుకు నత్త పక్క కుర్చీలోనే పనిచేస్తాడు. ఆమెకంటే చిన్నవాడు, వదినా అని పిలుస్తాడు. అతని పేరు రాకెట్టు. వేళ్ళు కీబోర్డు మీద ఆడుతుంటే పక్కవాళ్ళ కాగితాలు ఎగిరిపోతాయని ప్రతీతి. పంపుహౌసుకు కొత్త మీటరు కొన్నారు. ఆ మీటరుతో మాట్లాడే కొత్త లైబ్రరీని, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్కల మూటను, దానికి తగ్గట్టు మార్చిన తమ ప్రోగ్రాంతో సహా నిన్న సాయంత్రం అక్కడి సర్వర్లో పెట్టినవాడు అతనే.

పంపుహౌసులో పద్ధతి ఒకటుంది. మీటరు నీటిని పరీక్షిస్తుంది. లీటరుకు ఎంత క్లోరిను కలపాలో ప్రోగ్రాం లెక్కగట్టి ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె వస్తేనే క్లోరిను పంపు కదులుతుంది. అది కదిలితేనే పెద్ద మోటారు తిరుగుతుంది. మందు కలవని నీళ్ళు ఊరికి పోకూడదని పెట్టిన కట్టడి అది. ఇప్పుడు ప్రోగ్రాం అంకె ఇవ్వకుండా కూలిపోతోంది. అంకె లేదు గనక మోటారు లేదు. ఊరు మాత్రం ట్యాంకులో ఉన్నది వాడుకుంటూనే ఉంది.

"ట్యాంకులో ఎంతుంది మామయ్యా?"

"ఎర్రగీతకు పైన మనిషెత్తు. స్నానాల వేళ కదా, చూస్తుండగానే దిగుతోంది. గీత దాటిందంటే అడుగునున్న బురద గొట్టాల్లోకి పోతుంది. ఆపైన జనం మీ ఆఫీసుకు రారు, నా దగ్గరికొస్తారు. ఉత్త చేతుల్తో కూడా రారు."

నత్త ఎర్రక్షరాలను తన తెరమీదికి తెప్పించుకుని అడుగునుంచి చదివింది, పైకే. "దశాంశం రావాలి. పూర్ణాంకం వచ్చింది. పుచ్చుకోలేను."

జావాకు ఈ పట్టింపు జాస్తి. చెంబు అడిగిన చోట గంగాళం ఇచ్చినా పుచ్చుకోదు. చుక్క పెట్టి రాసే దశాంశం వేరు, చుక్కలేని పూర్ణాంకం వేరు. మొదటిది వస్తుందని రాసుకున్న చోట రెండోది వచ్చేసరికి అక్కడికక్కడే చతికిలపడింది.

"వదినా, నువ్వు కళ్ళజోడు తుడుచుకునేలోగా మందు తయారుచేశా," అంటూ రాకెట్టు కుర్చీతో సహా దొర్లుకుంటూ వచ్చాడు. "పూర్ణాంకం వస్తే దశాంశంగా మార్చి పుచ్చుకో అని రెండు వరుసలు. అయిదు వస్తే పక్కన చుక్కా సున్నా. అయిపోయె! దీనికింత భాగోతమా?"

"వచ్చింది అయిదేనా?"

"అయిదో, పదో. ఎంతొస్తే ఏంటి, అంకేగా!"

"ఎంతొచ్చిందో నీకు తెలీదు. నాకూ తెలీదు. ఈ ఎర్రక్షరాలు రకం చెబుతాయి గానీ విలువ చెప్పవు. అసలు పూర్ణాంకాన్ని నువ్వు పిలిచావా, నేను పిలిచానా? పిలవకుండా వచ్చినవాడికి కంచం పెట్టేముందు ఎవరింటివాడో అడగాలా వద్దా?"

"నువ్వు వాడి వంశవృక్షం అడిగేలోగా ఊరు ఎండిపోతుంది వదినా."

అదీ నిజమే, నత్తకూ తెలుసు.

అంతలో యజమాని వచ్చాడు. చెడ్డవాడు కాదు. భయం వేస్తే అరుస్తాడు, అరిచాక అందరికీ టీ తెప్పిస్తాడు. అప్పటికే నీళ్ళ శాఖవాళ్ళు ఫోన్లో ఆయన ప్రాణం తోడేస్తున్నారు. రాకెట్టు రాసిన ఆ రెండు వరుసల అతుకును ఆఫీసులోని పరీక్ష యంత్రం మీద నడిపించి చూశాడు. ఆకుపచ్చ అక్షరాల్లో 0.6 వచ్చింది. లీటరుకు మిల్లీగ్రాములో పదింట ఆరు వంతులు. ఉండాల్సింది అంతే.

"చూశావా? నెగ్గింది. ఎక్కించేద్దాం."

"సార్, అతుకు లేకుండా కూడా ఈ యంత్రం మీద 0.6 వస్తుంది. పొద్దుట్నుంచీ వస్తోంది. రోగం లేనివాడికి మందు పోసి తగ్గిందంటే ఎలా?"

యజమాని మోగుతున్న తన ఫోను వంక చూశాడు. "ఎర్రగీత తాకేదాకా నీకు టైము. తాకిందా, అతుకు ఎక్కిస్తా. తర్వాత నీ ఇష్టమొచ్చినంత చదువుకో."

అక్కడ మొదలైంది నత్త పరుగు. చూసేవాళ్ళకు మాత్రం కూర్చున్నట్టే ఉంది.

తమ ప్రోగ్రాం తెరిచింది. మీటరు లైబ్రరీ అంకెను ఒక సంచిలో వేసి ఇస్తుంది, వీళ్ళు సంచిలోంచి తీసుకుంటారు. సంచిలో ఉన్నది దశాంశమని వీళ్ళే మాటిచ్చారు. ప్రోగ్రాం తయారయ్యేటప్పుడు జావా ఆ మాట నమ్ముతుంది, సంచిలో చెయ్యి పెట్టి చూడదు. నడిచేటప్పుడే చెయ్యి పెడుతుంది. సరే, కొత్త లైబ్రరీ చదివింది. అక్కడ సంచిలో వేస్తున్నదీ దశాంశమే. వేసినచోట దశాంశం, అడిగినచోట దశాంశం, చేతికొచ్చింది పూర్ణాంకం. పెట్టెలో పెట్టిన చీర దారిలో పంచె అయిందంటే ఎవరు నమ్ముతారు?

ఫోను మోగింది. మామయ్యే అనుకుని ఎత్తింది. వాళ్ళమ్మ.

"ఏమే, మీ మామయ్య ఫోనెత్తడే! కుళాయి సన్నపు దారంలా వస్తోంది. బట్టలన్నీ సబ్బులో నానబెట్టా. వాణ్ణి కాస్త మోటారు వెయ్యమని చెప్పు."

"అమ్మా, మోటారు వెయ్యాల్సింది మామయ్య కాదు. నేను."

"నువ్వా?" అమ్మ గొంతులో ఆశ పూర్తిగా చచ్చిపోయింది. "అయితే పక్కింట్లో రెండు బిందెలు అడుగుతా."

రాకెట్టు కిసుక్కుమన్నాడు. నత్త నవ్వలేదు. ఆమె చెవి తమ్మెలు ఎర్రబడ్డాయి. చదవడం మాత్రం ఆపలేదు.

పంపుహౌసు యంత్రానికీ పరీక్ష యంత్రానికీ ఏదో తేడా ఉండాలి. జావా చూసింది, ఒకటే. తమ ప్రోగ్రాం చూసింది, అక్షరం తేడా లేదు. సెట్టింగులు చూసింది, అవీ ఒకటే. తేడా దొరికితే ధైర్యం వస్తుంది. అన్నీ ఒకేలా ఉండి ఒకటి నడిచి ఒకటి కూలితే, కాళ్ళ కింద నేల మీదే అనుమానం పుడుతుంది.

"కోడలా," మామయ్య ఫోను. ఈసారి ఎత్తిపొడుపు లేదు. "గీతకు పైన మోకాలెత్తు."

నత్త లేచి యజమాని బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ ఆఫీసులో ఆమె అంత గబగబా నడవడం ఎవరూ చూడలేదు. చూసినవాళ్ళు ఆ తర్వాత దాన్ని పరుగనే చెప్పుకున్నారు.

"సార్, పంపుహౌసులో ప్రోగ్రాంని ఒకసారి మళ్ళీ మొదలుపెట్టనివ్వండి. ఏ ముక్కని ఏ ఫైల్లోంచి తెచ్చుకుంటోందో అదే చెప్పేలా ఒక మాట కలిపి."

"మళ్ళీ మొదలుపెడితే ఇంకేమైనా అయితే?"

చేతిలో ఉన్న ఫోను స్పీకర్లోంచి మామయ్యే అందుకున్నాడు. "ఏమవుద్ది సార్? చచ్చినవాడికి జలుబు చేస్తుందని భయమా?"

మొదలుపెట్టారు. తెరమీద వరుసలు వరదలా దొర్లాయి. ఇది తెచ్చాను ఇక్కణ్ణుంచి, అది తెచ్చాను అక్కణ్ణుంచి అని వేల వరుసలు. ఆఖరున మళ్ళీ అవే ఎర్రక్షరాలు. రాకెట్టు తల పట్టుకున్నాడు. "ఇదంతా కింది నుంచి పైకి చదువుతావా ఏంటి వదినా! నీ కాళ్ళు పట్టుకుంటా."

"నత్తకూ కొమ్ములుంటాయి మరిదీ," అని ఆమె మీటరు ముక్క పేరు కొట్టి వెతుకు అంది. ఒకే ఒక వరుస నిలబడింది. ఆ ముక్కను ఏ లైబ్రరీ ఫైల్లోంచి తెచ్చుకుందో ఆ ఫైలు పేరు అందులో ఉంది. ఆ పేరుకు ముందు స్పష్టంగా 'పాత' అని ఉంది.

రాకెట్టు తెర దగ్గరికి వంగాడు. "పాతది తీసేశాను కదా!"

"తీసేశావా? పేరు మార్చావా?"

"పేరు మార్చా. ముందు 'పాత' అని పెట్టా. మన పద్ధతేగా!"

పద్ధతే. యజమానికి ఏదీ పారెయ్యడం ఇష్టముండదు. ఆ ఆఫీసులో కాలు విరిగిన కుర్చీ మీద 'పాత' అని చీటీ అంటించి అక్కడే గోడకు ఆనిస్తారు. దాని మీద ఎవరూ కూర్చోరు. మాడిపోయిన ఫ్యానుకూ చీటీయే. చావడమంటూ ఉండదు, చీటీ పడుతుంది, అంతే. మనిషైతే చీటీ చదువుకుని పక్కకు తప్పుకుంటాడు. జావాకు మాత్రం, "ఈ ఫోల్డర్లో ఉన్న లైబ్రరీలన్నీ నీవే" అని చెప్పిపెట్టారు. దానికి పాత అంటే ఏంటో తెలీదు. రెండు మూటల్లోనూ ఒకే పేరున్న ముక్క ఉంది. ఏది ముందు చేతికి తగిలితే దాన్ని పట్టుకుని, రెండోదాని వంక చూడనైనా చూడదు. పరీక్ష యంత్రంలోనూ రాకెట్టు ఇలాగే రెండూ ఉంచాడు. అక్కడ కొత్తది ముందు తగిలింది. పంపుహౌసులో పాతది తగిలింది. పొద్దుట్నుంచీ ఆఫీసులో వస్తున్న ఆ ఆకుపచ్చ 0.6 ఎవరి తెలివీ కాదు, ఉత్త అదృష్టం.

"గీత తాకింది!" మామయ్య కేక.

యజమాని చెయ్యి అప్పటికే మౌసు మీద ఉంది. అతుకు ఎక్కించడానికి ఒక్క నొక్కు చాలు. "అతుకే ఎక్కిద్దాం. పాతది తీసేస్తే ఇంకేం కూలుతుందో ఎవరికి తెలుసు? అతుకు పరీక్ష నెగ్గింది. పాతది తీరిగ్గా తీద్దాం."

"నెగ్గింది కొత్తదానితో సార్! అక్కడున్నది పాతది!" నత్త గొంతు కింద టైర్ల దుకాణందాకా వినపడింది. ఆ గొంతు ఆమెదేనని ముందు ఎవరికీ అర్థం కాలేదు. "మరిదీ, పరీక్ష యంత్రంలోంచి కొత్తది బయటికి తియ్యి. పాతదాని మీద నీ అతుకు నడుపు. అతుకు ఉంచే నడుపు."

రాకెట్టు వేళ్ళ వేగం తగ్గలేదు. ఆ వేగం ఆ పూటకు అక్కరకొచ్చింది. కొత్తది తీశాడు, నడిపాడు.

ఎర్రక్షరం ఒక్కటీ రాలేదు. ప్రోగ్రాం కూలలేదు. నిక్షేపంలా నడిచింది. చక్కగా ఆకుపచ్చ రంగులో, ఏ తప్పూ లేనట్టు, అంకె ఇచ్చింది.

600.0.

పక్కనే, క్లోరిను పంపు ఎంత తెరుచుకుందో చూపే గీత నిండా పైకి లేచి నిలబడింది.

నత్త పాత లైబ్రరీ తెరిచి చూపించింది. పాతది మిల్లీగ్రాముల్లో చెప్పదు. మిల్లీగ్రాములో వెయ్యో వంతుల్లో, చుక్క లేకుండా చెబుతుంది. దానికి ఆరువందలంటే ఇప్పటి 0.6. పాత ప్రోగ్రాంకి ఆ సంగతి తెలుసు, వెయ్యితో భాగించుకునేది. కొత్త ప్రోగ్రాంకి తెలీదు. రాకెట్టు అతుకు ఆ ఆరువందల పక్కన చుక్కా సున్నా పెట్టి, మర్యాదగా లోపలికి పంపింది. పంపుహౌసులో ఎక్కించి ఉంటే క్లోరిను పంపు ఉన్న గేటంతా తెరిచి, ఊరి నీళ్ళలోకి ఒంపేసేది. మోటారు హాయిగా తిరిగేది. తెరమీద అంతా పచ్చగా ఉండేది.

యజమాని మౌసు మీంచి చెయ్యి తీసి, ఆ చేతిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు గాల్లో ఉంచాడు. "తీసెయ్యండి," అన్నాడు. "ఆ పాతది తీసెయ్యండి."

"నువ్వే తియ్యి," అంది నత్త రాకెట్టుతో. "పేరు మార్చకు. ఆ ఫోల్డర్లోనే ఉండకూడదు."

తీశాడు. తీసి, పోయిందో లేదో రెండుసార్లు చూశాడు. మొదలుపెట్టారు. ఫోన్లో మామయ్య ఊపిరి వినిపిస్తోంది. ఆయన తెర దగ్గరికి వంగి చదువుతున్నాడు.

"సున్నా... చుక్క... ఆరు." ఆ వెంటనే వెనకాల మోటారు గుర్రుమంది. "తిరిగింది! కోడలు పిల్లా, తిరిగిందే!"

యజమాని కుర్చీలో కూలబడి, కింద ఎవరినో కేకేసి అందరికీ టీ చెప్పాడు. రాకెట్టు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. నత్త ఒక్కతే ముందుకు వంగింది.

"మామయ్యా, నీళ్ళు గీతకు పైన జానెడు లేవనివ్వు. లేచాక మోటారు ఆపి, ప్రోగ్రాం కూడా ఆపు."

"ఏంటీ?"

"ఆపి మళ్ళీ మొదలుపెట్టు."

"ఇప్పుడే పుట్టిన బిడ్డని మళ్ళీ కడుపులో పెట్టమంటావేంటే! నీకేమైనా మతి పోయిందా?"

"ఒక్కసారి సరైన అంకె పొద్దున ఇక్కడా వచ్చింది మామయ్యా. అదృష్టంగా వచ్చింది. ఏది ముందు తగులుతుందో మొదలుపెట్టినప్పుడే తేలుతుంది. రేపు తెల్లారి ఎవరూ చూడనప్పుడు అది మొదలవుతుంది కదా, అప్పుడేం తెస్తుందో నాకు ఇప్పుడు తెలియాలి."

యజమాని లేచి నిలబడ్డాడు. అరవబోతున్నాడని అందరికీ అర్థమైంది. ఆయన పరీక్ష యంత్రం తెర వంక చూశాడు. 600.0 ఇంకా పచ్చగా అక్కడే ఉంది. అరవలేదు. "జానెడు లేచాక," అన్నాడు మెల్లగా.

జానెడు నీళ్ళు ఎంతసేపు లేస్తాయో ఎన్నడూ గమనించనివాళ్ళకు ఆ పూట తెలిసొచ్చింది. టీలు వచ్చాయి, బల్లల మీదే చల్లారాయి. మామయ్య లేచిందన్నాడు. ఆపాడు. మోటారు చప్పుడు నీరసించి, ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. నత్త తెరమీద ఒక్క వరుస కోసం చూసింది. కొత్త ఫైలు పేరే. అటు మామయ్య గొంతు.

"సున్నా చుక్క ఆరు."

మోటారు అందుకుంది. ఈసారి ఎవరూ కేకలు వెయ్యలేదు. మామయ్య ఫోను పెట్టబోతూ, "ఇక ఉండనా కోడలా?" అన్నాడు. నత్త ఇంకా తెర వైపే చూస్తోంది. అప్పుడు రాకెట్టు చెయ్యి చాచి ఆమె ముందున్న ఫోను అందుకున్నాడు.

"నాన్నా," అన్నాడు. "ఇంకొంచెం లేవనిచ్చి, ఆపు. ఇంకోసారి చూద్దాం."

అవతల మామయ్య తిట్టిన తిట్టు అచ్చు వెయ్యడానికి వీల్లేదు. తిట్టి, ఆపాడు.